మైకు విన్న కడుపులు

అందరికీ బాత్రూం ఒకటే. బయట ఆరుగురు. లోపల విలన్.

పొద్దున నగరాన్ని బూడిద చేస్తానని గర్జించిన గొంతే ఇప్పుడు తలుపు వెనక "అమ్మా... చచ్చాన్రా" అంటోంది. హీరోకి గొంతిచ్చేవాడు కాళ్ళు మెలిపెట్టుకుని తలుపు బాదుతున్నాడు. "బయటికి రా నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

డబ్బింగ్ స్టూడియోలో భోజనాలై ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

వంటగదిలో ఓనరు వంటాయన మీద పడ్డాడు. "ఏం కలిపావయ్యా ఆ కూరలో? రేపటికి సినిమా అప్పజెప్పాలి నేను! గిన్నెలు సర్దుకో. ఇవాళ్టితో నీకూ నాకూ చెల్లు."

పదకొండేళ్ళుగా అక్కడే వండుతున్న వంటాయన ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేశాడు.

"ఆగండి సార్," అంది సౌండ్ ఇంజనీరు. "నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. వండిన బాబాయ్ కూడా తిన్నాడు. మాకేం కాలేదే?"

"నీకేమమ్మా, గులకరాళ్ళు మింగినా అరుగుతాయి."

"ఎవరికైనా ఇరవై నిమిషాల్లో అరగదు సార్. ఆ కూర ఇంకా పొట్టలోనే ఉంది, ఆమ్లంలో నానుతోంది. రెండు మూడు గంటల్లో మెల్లగా చిన్నపేగులోకి దిగుతుంది. అదేమో ఇరవై అడుగులు. ఒంటికి పనికొచ్చేదంతా అక్కడ రక్తంలోకి పోయాకే మిగిలింది పెద్దపేగుకి చేరేది. మీరు ఏసీ బాగుచేయించినంత నిదానం."

"మరి తినగానే ఎందుకు పరిగెత్తారు?"

"పైన కొత్త సరుకు దిగితే కింద గోడౌన్ ఖాళీ చెయ్యమని కబురు వెళ్తుంది. రోజూ జరిగేదే. ఇవాళ ఆ కిందది ముందే నీళ్ళైపోయింది. ఎప్పుడైందో వినిపిస్తా, రండి."

డబ్బింగ్ మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది. మాటతోపాటు కడుపులో గొడవ కూడా వింటుంది. తర్వాత ఆ చప్పుళ్ళని కోసెయ్యాలి కనుక ప్రతి గుడగుడకీ ఇంజనీరు టైముతో సహా ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తులు చూసుకుంటూ పొద్దుటి రికార్డింగు మోగించింది.

తొమ్మిదికి అంతా శుభ్రం. పదీ నలభైకి హీరోయిన్, "నువ్వు లేకపోతే నేను..." గుర్ర్ర్ర్. పదకొండుకి విలన్, "ఈ నగరం..." బుడబుడబుడ.

"పదకొండుకి నేనింకా చిక్కుళ్ళు వలుస్తున్నానమ్మా!" అన్నాడు వంటాయన.

ఇంజనీరు సౌండు పెంచింది. మాటకీ మాటకీ మధ్య టక్, టక్. ఏదో పళ్ళకి తగులుతోంది.

"బిళ్ళలు!" అంటూ బూత్‌లోకి పరిగెత్తింది. మైకు పక్కన గొంతుకి చప్పరించే బిళ్ళల పెద్ద డబ్బా, అడుగున నాలుగే మిగిలాయి. చీమతలకాయంత అక్షరాలు బయటికి చదివింది. "చక్కెర లేదు. సార్బిటాల్ ఉంది. ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చు."

"అంటే?"

"అది తియ్యగా ఉంటుంది గానీ పేగు సరిగ్గా పీల్చుకోదు బాబాయ్. పైగా నీళ్ళు లాక్కుంటుంది. మిగిలింది పెద్దపేగులో సూక్ష్మజీవులకి విందు. తిని గ్యాసు వదులుతాయి. రోజంతా మాట్లాడేవాళ్ళు గొంతు కోసమని తలా పదిహేను చప్పరించారు. నాకు గొంతుతో పని లేదు, బతికిపోయా. ఇంతకీ ఎవరు పంచారివి?"

బయట క్యూలో అందరూ నేల చూశారు. ఓనరు మొహం తెల్లబోయింది. పొట్ట పట్టుకుని క్యూ చివరికి చూశాడు. ఇంకా ఐదుగురున్నారు.

"నీ వంటగది వెనక బాత్రూం ఉందిగా? తాళం ఇవ్వవయ్యా."

ఇంత గొడవలో దాన్ని వంటాయన కూడా మర్చిపోయాడు. జేబులోంచి తాళం తీశాడు గానీ ఇవ్వలేదు.

"నా ఉద్యోగం పోయిందన్నారుగా సార్. ఎవరి వల్లో చెప్పి తీసుకోండి."

"బతిమాలుతున్నానయ్యా!"

"నేనూ ఇందాక బతిమాలేవాణ్ణే. మీరు నోరెత్తనిస్తేగా."

ఇంజనీరు మైకు ఆన్ చేసి ఓనరు మూతి ముందు పెట్టింది. ముందు ఆయన కడుపు మాట్లాడింది. తర్వాత స్టూడియోలో ప్రతి స్పీకరులోంచీ ఆయన కేక వినిపించింది.

"నేనే! తెచ్చిందీ నేనే, పంచిందీ నేనే, తిన్నదీ నేనే!"