నూకల సంచి, చారల తల బాతులు

పెళ్లయిన తొమ్మిదో రోజున మా ఆయన మల్లికార్జున్ నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని సూర్యాపేట నుంచి ఆత్మకూరు వైపు చెరువుకు బయలుదేరారు. బీఎస్సీలో చారల తల బాతు బొమ్మను నాలుగుసార్లు గీశాను కానీ, ప్రాణమున్న బాతును ఒక్కసారీ చూడలేదు. హిమాలయాలు దాటి వచ్చే ఆ పిట్టలు ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయి. ఈ ఆదివారం తప్పితే మళ్లీ ఏడాదే.

హ్యాండిలుకు ఓ గుడ్డసంచి ఊగుతోంది.

"అందులో ఏముందండీ?"

"మన మిల్లు నూకలు. అంత దూరంకెల్లి వచ్చిన సుట్టాల కాడికి ఒట్టి చేతుల్తోని పోతమా?"

నవ్వాపుకోలేక సైకిలు మీంచి పడబోయాను.

ఆ చెరువులో పిట్టను కొట్టకూడదన్నది ఊరి కట్టుబాటు. కట్ట మీద కాపలా ఉండే సుక్కమ్మ మమ్మల్ని చూసి ఆగమని చెయ్యి ఊపింది. అప్పటికే నేను కళ్లద్దాలు సర్దుకోవడానికి చెయ్యెత్తాను. పెళ్లిగాజులు గలగలమన్నాయి. ఒడ్డున మేస్తున్న బాతుల గుంపంతా లేచిపోయింది. నాకు తోకలే కనిపించాయి.

"పెండ్లి బాజా మోగించుకుంట వస్తే ఉంటయా బిడ్డా?" అంది సుక్కమ్మ. "పొద్దు వంగినంక మల్ల దిగుతయి. గాజులు దీసి కూసో."

"పదహార్రోజుల పండుగ కాకముందే గాజులు దీస్తే అమ్మ ఇంట్లకు రానియ్యది," అన్నారు మా ఆయన. "ఇగ పోదాం హైమా. వచ్చే ఏడు సూద్దాం."

"చూడకుండా నేను కదలను."

నూకలన్నీ సుక్కమ్మ కొంగులో పోశాను. "పచ్చగడ్డి ఉండంగ గవి నూకలకెందుకొస్తయి? మాకైతే రెండు పూటల జావ అయితది," అని నవ్వింది.

ఖాళీ సంచిని రెండుగా చింపి గాజుల మీద బిగించి చుట్టుకున్నాను.

"దెబ్బలు తాకిన పహిల్వాన్ లెక్కున్నవ్!" అన్నారు మా ఆయన.

"ముందు ముడి గట్టిగా వేయండి."

తుంగ చాటున బోర్లా పడుకున్నాం. కొత్త చీరంతా బురద. చీమలు కుట్టినా కదల్లేదు. మా ఆయనకు తుమ్ము వస్తుంటే నా కొంగు ముక్కుకు అదిమాను.

పొద్దు వంగాక దిగాయి. తెల్లటి తల వెనక రెండు నల్లటి చారలు. నేను నోట్‌బుక్‌లో నల్లగా గీసిన ముక్కు నిజానికి పసుపుపచ్చ!

"కాళ్లకు సుత పసుపే," అని ఆయన గుసగుసలాడారు. "గవిటికీ కొత్త పెండ్లేమో!"

ఇంటికి చేరేసరికి అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. బురద చీర వంక చూడనేలేదు. నా చేతుల కట్లు విప్పి గాజులన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఒక్కటీ పగల్లేదు.

"ఇంతకీ కనవడ్డయా?" అన్నారు.