పదకొండు బెంచీలు

వడ్రంగి మేస్త్రి నేల మీద మోకరించి ఆరో బెంచీ కాలు బిగిస్తున్నాడు. కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేయడం, చేత్తో ఊపి చూడడం, మళ్లీ ఒక దెబ్బ. డెబ్బై దాటిన చెయ్యి. బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి కింద నలిగి పక్కకు పెరిగింది. ఆ లూథరన్ చర్చిలో పదకొండు బెంచీలకూ ఇనుప మేకన్నది లేదు, అన్నీ కొయ్య చీలలే. తాత చేసిన బెంచీలను తండ్రి చూసుకున్నాడు, తండ్రి తర్వాత ఇతను.

మరునాటి ఆదివారంతో సంఘానికి నూరేళ్లు. ఆ వేడుక కాగానే బెంచీలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేయాలని కమిటీ తీర్మానించింది. పాలిష్ రెండు రోజుల కిందటే వేసేశాడు; ఆఖరి ఆదివారమైనా ఏ బెంచీ కిర్రుమనకూడదని మేస్త్రి పట్టుదల.

మాస్టారు లోపలికి వచ్చి ముందు వరుసలో కూలబడ్డారు. బడి నుంచి రిటైరయ్యాక సంఘ చరిత్ర రాసే పని నెత్తికెత్తుకున్నారాయన.

"చెదలకు మన చరిత్ర బాగా రుచించినట్టుంది మేస్త్రీ. మొదటి రిజిస్టరు పొడి పొడి. పాస్టర్ల పేర్లన్నీ దొరికాయి గాని, చర్చి కట్టుకున్న పదకొండు కుటుంబాల పేర్లు దొరకలేదు. 'కొందరు పేదలు' అని రాసేశాను."

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు.

"కొందరేంటండీ? ఓ చెయ్యెయ్యండి, దీన్ని తిరగేద్దాం."

బోర్లించిన బెంచీ అడుగున, అరచేతంత వెడల్పున, ఉలితో చెక్కిన చెప్పు బొమ్మ ఉంది.

"అక్షరం రాని రోజులు కదండీ. ఎవరు కట్టె ఇస్తే వాళ్ల గుర్తు చెక్కాడు మా తాత. ఇది మీ ముత్తాతగారిది. ఇంటి తలుపు ఊడదీసి ఇచ్చారట. ఏడాది పాటు గుమ్మానికి గోనెపట్టాయే."

మాస్టారు నేల మీద చతికిలబడి ఆ గీతలను వేలితో తడిమారు.

"తోళ్ల పనివాళ్లు ఎవరి ఎదుటా కూర్చోకూడదు అప్పట్లో," అన్నాడు మేస్త్రి. "అందుకే ముందు బెంచీలు కావాలన్నారు మన పెద్దలు. అవీ వీపు ఆనుకునేవి. గోడల కన్నా ముందు బెంచీలే లేచాయి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"బాగు చెయ్యమన్నారు గాని, చెప్పమని ఎవరూ అడగలేదండి."

మధ్యాహ్నానికి పదకొండూ తిరగేశారు. డోలు, నీళ్ల తిత్తి, కత్తెర. మేస్త్రి ఒక్కో గుర్తూ చూపించి ఇంటిపేరు చెబుతుంటే మాస్టారు రాసుకున్నారు. కబురందుకుని వచ్చిన పాస్టరు కూడా నేల మీద వంగి చూసి, అక్కడి నుంచే కమిటీ పెద్దకు ఫోను చేశారు.

"కుర్చీలు వద్దండి. ఎందుకో మీరే వచ్చి చూడండి."

మాస్టారు కలం ఆపారు. "మరి మీ గుర్తేదీ?"

"మాకు లేదండి. ఇవ్వడానికి మా తాత దగ్గర పుల్లముక్క కూడా లేదు. తన చేతిపనే ఇచ్చాడు."

"పన్నెండో ఇల్లుగా రాస్తున్నాను."

మేస్త్రి నడుము నిటారుగా చేసుకున్నాడు. "రాయండి. వడ్రంగులని రాయండి, చాలు."

మూడు గంటలకు మేస్త్రి కూతురు టీ తెచ్చేసరికి బెంచీలన్నీ యథాస్థానంలో నిలబడి ఉన్నాయి. మేస్త్రి చివరి బెంచీలో కూర్చుని వీపు ఆనించాడు. ఇన్నేళ్లలో అతను అలా ఆనుకుని కూర్చోవడం ఆమె ఎరగదు.

"ఇంటికి రా నాన్నా, అలిసిపోయావు."

"నువ్వు పదమ్మా. కాసేపు కూర్చుంటాను."

సాయంత్రం తలుపులు వేయడానికి వచ్చిన పాస్టరు, మేస్త్రి ప్రార్థనలో ఉన్నాడేమోనని చాలాసేపు పలకరించలేదు. భుజం మీద చెయ్యి వేశాకే తెలిసింది, ఒళ్లు ఎప్పుడో చల్లబడిందని.

ఆదివారం మాస్టారు పన్నెండు ఇంటిపేర్లూ చదివారు. కూర్చోవడం కోసం చర్చి కట్టుకున్న వాళ్ల మనవలు, పన్నెండో పేరుకు ఒక్కరూ మిగలకుండా లేచి నిలబడ్డారు. చివరి బెంచీ ఖాళీగా ఉంది. దాని మీద అతను తాగిన టీ గ్లాసు, కొత్త పాలిష్ మీద మరక పడకుండా గ్లాసు కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం.