ఎడమ చెంప

ఎడమ చెంపకి చుక్క నీరు తగలకుండా మొహం కడుక్కోవడం ఆమెకి బాగా పట్టుబడిపోయింది. జ్ఞానదంతం పీకిన డాక్టరు పంటితోపాటు నరాన్నీ కదిపాడు. గాయం మానింది, నరం మాత్రం పగబట్టింది. ఫ్యాను గాలి సోకినా, బ్రష్షు తగిలినా, ఆఖరికి నాలుగు మాటలు మాట్లాడినా చెవి నుంచి గడ్డం దాకా కరెంటు షాకు కొట్టినట్టుండేది. ఖర్మకొద్దీ ఆమె ఉద్యోగమే మాట్లాడడం, బ్యాంకులో విచారణల కౌంటరు. మొహం మీద కాస్త నవ్వు పెట్టుకోమని మేనేజరు పిలిచి మరీ చెప్పాడు. ఆయన పళ్లన్నీ బాగానే ఉన్నాయి మరి.

ఉన్న మాటలన్నీ కౌంటర్లోనే అయిపోయేవి. ఇంటికొచ్చేసరికి ఆమెకి నోరు మిగిలేది కాదు. కూర చల్లారిందంటే లేచి వేడిచేసేది. ఆడపడుచు పిల్లల్ని ఆదివారమంతా చూసుకోమంటే తలూపేది. తలూపితే నరం ఏమీ అనదు. కోడలు ఎంత నెమ్మదస్తురాలైందోనని అత్తగారు బంధువులందరికీ ఫోన్లు చేసి మురిసిపోయింది. ఆ మురిపెం వింటూ ఆమె గిన్నెలు తోముకునేది.

చివరికి నరాల డాక్టరమ్మ ఒక మాత్ర రాసింది. డిప్రెషన్‌కి వాడేదే గానీ, చిన్న మోతాదులో ఇలాంటి నరాల నొప్పినీ తగ్గిస్తుందని, కొన్ని వారాలు ఓపిక పట్టమని విడమరిచి చెప్పింది. భర్త మొదటి సగమే విన్నాడు. ఇంటికొచ్చి ఫోనులో మాత్ర పేరు కొట్టి, వచ్చింది తల్లికి చదివి వినిపించాడు. ఆ సాయంత్రమే మాత్రలు అత్తగారి బీరువాలోకి వెళ్లాయి. మనసు బాగాలేనివాళ్ల చేతికి మందులు ఇవ్వకూడదట. రోజూ భోజనాలయ్యాక చంటిపిల్లలా చెయ్యి చాపి నిలబడాల్సి వచ్చేది. నొప్పి చెంపలో ఉంది, మనసులో కాదని ఒకసారి చెప్పి చూసింది.

"అందరూ అలానే అంటారమ్మా," అంది అత్తగారు జాలిగా.

ఆ జాలికి ఒళ్లు మండిపోయింది. కానీ ఒళ్లు మండితే అదీ జబ్బు ఖాతాలోకే పోతుంది.

మందు పనిచేసింది. కౌంటరు దగ్గర ఓ ముసలాయన జోకేస్తే ఆమె ఫక్కున నవ్వింది. నవ్వాక గానీ నొప్పి రాలేదని గమనించుకోలేదు. ఆ ఆదివారం పిల్లల్ని చూడడం కుదరదంది. కూర ఎవరిది వాళ్లే వేడి చేసుకోమంది. బీరువా తాళం అడిగింది. ఏది అడిగినా, ఏది కాదన్నా ఇంట్లో ఒకటే మాట, ఈ పూట మాత్ర వేసుకున్నావా అని.

మళ్లీ ఆస్పత్రికి వెళ్లారు. నొప్పి ఎలా ఉందని డాక్టరమ్మ అడిగింది ఆమెని. జవాబు చెప్పింది భర్త.

"మందు పడలేదండీ. ఇదివరకు ఎంత నెమ్మదిగా ఉండేదో. ఇప్పుడు ప్రతిదానికీ ఎదురు చెబుతోంది. ఆపేయండి."

కోప్పడితే అతని మాటే రుజువవుతుంది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. మందు ఆగితే మళ్లీ ఆ షాకులు, మళ్లీ ఆ తలూపడాలు. ఆమెకి భయమేసింది. కుర్చీని డాక్టరమ్మ వైపు జరుపుకుంది.

"నొప్పి తగ్గింది డాక్టర్," అంది. "అప్పుడు నేను నెమ్మదిగా లేను. మాట్లాడితే నొప్పెట్టేది, అంతే. మందు ఆపకండి. ఇకనుంచి నేనొక్కదాన్నే వస్తాను."