మట్టల ఆదివారం దాకా

మా మరిది ఆనంద్ పాల్‌కు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఆకివీడులో చేపల చెరువులున్న వాళ్ళందరికీ ఆ లక్షణం కొంత ఉంటుంది, మావాడికి ఇంకాస్త ఎక్కువ. నీళ్ళ రంగు చూసి చేపకు ఏం జబ్బో చెబుతాడు. జబ్బు పేరు చెప్పేలోపే మందు పేరు చెబుతాడు. చెరువు దాకా అతని మాటకు తిరుగులేదని నేనూ ఒప్పుకుంటాను. పేచీ అంతా అతను చెరువు గట్టు దిగి మా తోటలోకి వచ్చినప్పుడే.

మాది పామాయిల్ తోట. తాడేపల్లిగూడెం దాటాక మెరక అయిపోయి పల్లం మొదలయ్యే చోట మా అత్తగారు రూతమ్మగారి పేర ఉన్న నాలుగెకరాలు. చుట్టూ వరిచేలు, మధ్యలో నా చెట్లు. నా చెట్లు అని ఊరికే అనడం లేదు. గూడెంలో టీచరు ఉద్యోగం మానేసి మరీ ఆ మొక్కలు నాటించాను. పాదులు చేయించాను, డ్రిప్పు పైపులు కొరికే ఎలకలతో యుద్ధం చేశాను. చిన్న మొక్కలకు వచ్చిన తొలి పూతనంతా తీసేయించినప్పుడు, చేతికొచ్చిన కాపును తుంచేస్తోందని ఊరంతా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చెట్టు ముందు ఒళ్ళు చేయాలి, ఆ తర్వాతే కాయాలి. మా ఆయన ప్రసాదరావు ఏలూరులో ఆఫీసు ఉద్యోగి. తోట సంగతి ఎవరడిగినా "సుగుణనడగండి" అంటారు. ఆయనలో నాకు బాగా నచ్చిన గుణం అదే.

ఆ ఏడు అక్టోబరు వానలు వెలిశాక కోతకొచ్చిన గెలల్లో సరైనవి నాలుగు కూడా కనబడలేదు. పామాయిల్ గెలంటే కాయల మధ్య వేలు దూరనంత బిగుతుగా ఉండాలి. వీటిలో ముళ్ళెక్కువ, కాయ తక్కువ. కొన్ని మొదట్లోనే కుళ్ళి, చేత్తో లాగితే ఊడి వచ్చాయి.

ఒక గెలను ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టాను. అత్తగారు పక్కన కూర్చుని కాయలను ఒక్కొక్కటే నొక్కి చూశారు. ఆవిడ ఉండి దగ్గర వరిచేలల్లో పుట్టి పెరిగిన మనిషి. ఏ పంట చూపించినా ఆవిడ అడిగేది ఒకటే, గట్టి గింజా, తాలు గింజా అని.

"తాలేనమ్మా సుగుణా," అన్నారు చివరికి. "గెలంతా తాలే."

ఆనంద్ పాల్ ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాడు. ఉండకపోతే బాగుండేది.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానమ్మా," అన్నాడు. "ఈ తోట మట్టల ఆదివారానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. చక్కగా చెరువు తవ్వేద్దాం. నీళ్ళు పక్కనే ఉన్నాయి. వదినగారికి కూడా ఎండలో ఈ తిప్పలు తప్పుతాయండీ."

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మా చర్చి పిల్లలు మట్టలు పట్టుకుని పాడుకుంటూ వీధంతా తిరుగుతారు. నా తోట ఏడాదికొక్కసారి పిల్లల చేతుల్లో ఊపడానికి తప్ప పనికిరాదని అతని ఉద్దేశం. ఆ మాట అని తనే నవ్వాడు. పేరుకు తగ్గ మనిషే.

నాకు నవ్వు రాలేదు. చెట్టు కొట్టేస్తే మళ్ళీ నాటుకోవచ్చు. చెరువు తవ్విన నేల మళ్ళీ నేల కాదు. కొల్లేరు వైపు వెళ్ళి చూడండి, ఒకప్పుడు చేలుగా ఉండి చెరువులైపోయినవి ఎన్నో. వాటిలో ఒక్కదాన్నయినా ఎవరైనా పూడ్చి మళ్ళీ నాగలి దింపారేమో కనుక్కోండి.

"పాపం వదినగారి తప్పు కూడా లేదులెండి," అని అతనే మళ్ళీ అందుకున్నాడు. "మొన్న వేసవిలో వాళ్ళమ్మగారి మోకాలి ఆపరేషనుకని ఆవిడ ఏలూరులో ఉండిపోతే తోట నేనే చూశాను కదండీ. ఏం తక్కువ చేశాను? మందు కూడా దగ్గరుండి కొట్టించాను."

"ఏం మందు?" అన్నాను.

"పురుగుమందండీ. మగగెలల నిండా నల్లగా పురుగు! వేలకు వేలు. మీరు చూసుంటే జడుసుకునేవారు. రెండు దఫాలు కొట్టించాను. మర్నాటికి ఒక్కటి ఉంటే ఒట్టు."

"ఏవండీ ఆనంద్ పాల్ గారూ," అన్నాను.

నేను మరిదిని 'గారూ' అన్నానంటే ఏం రాబోతోందో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన మంచినీళ్ళకని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

"పెళ్ళిళ్ళ పేరయ్యను చంపేసి వచ్చి, పిల్లకు సంబంధం కుదరలేదంటున్నారా మీరు?"

ఈ చెట్టు ఆఫ్రికా నుంచి వచ్చింది. ఒకే చెట్టు కొన్నాళ్ళు మగగెలలు వేస్తుంది, కొన్నాళ్ళు ఆడగెలలు వేస్తుంది. రెండూ ఒక చెట్టు మీద ఒకేసారి విచ్చుకోవడం అరుదు. అందుకని ఈ చెట్టు పుప్పొడిని ఆ చెట్టుకు ఎవరో ఒకరు మోయాలి. మోసేది ఒక చిన్న పురుగు. బియ్యంలో పట్టే ముక్కుపురుగుకు దగ్గర చుట్టంలా ఉంటుంది. అదీ ఆఫ్రికాదే, చెట్టు వెనకాలే దాన్నీ మన దేశానికి తెచ్చారు. మగగెలలోనే పుడుతుంది, అక్కడే తింటుంది, అక్కడే గుడ్లు పెడుతుంది, మధ్యలో ఆడగెలకు వెళ్ళి వస్తుంది. చుట్టూ వరి తప్ప దగ్గర్లో ఇంకో పామాయిల్ తోట లేదు కాబట్టి, తోట పూతకొచ్చిన కొత్తలో కామవరపుకోట నుంచి నేనే ఆ పురుగుల్ని తెచ్చి వదిలాను. ఏలూరు నుంచి తిరిగొచ్చాక అవి కనబడకపోతే వానలకు తగ్గాయనుకున్నాను.

ఇదంతా అత్తగారికి చెప్పాను. "ఈ గెల ఇవాళ్టిది కాదండీ అత్తయ్యగారూ. దీని పూత విచ్చింది మొన్న వేసవిలో, తోటలో ఒక్క పురుగూ లేనప్పుడు. చెట్లలో లోపం లేదండీ."

"పురుగు లేకపోతే పంట పండదా?" అన్నాడు ఆనంద్ పాల్. "ఈ మాట మా చెరువుల మీద చెబితే నవ్విపోతారండీ."

అతనిలో దొంగబుద్ధి ఏ కోశానా లేదు. దుర్మార్గుడైతే పోట్లాడి గెలిచేదాన్ని. ఎండలో నిలబడి, అన్నం వేళ దాటిపోతున్నా కదలకుండా, వదిన తోట బాగుపడాలని మందు కొట్టించినవాణ్ణి ఏమనను? అయినా నాలుగు మాటలు అన్నాననుకోండి.

అత్తగారు ఇద్దరి మాటలూ విన్నారు. చీరచెంగుతో చేతులు తుడుచుకున్నారు.

"మట్టల ఆదివారం దాకా చూస్తాను," అన్నారు. "ఆ మాట తెచ్చింది వాడే కాబట్టి అదే గడువు. అప్పటికి గెల నిండితే తోట జోలికి ఎవరూ రారు, రానివ్వను. తాలైతే వాడు చెరువు తవ్వుకుంటాడు. తర్వాత నువ్వు నన్ను ఏమీ అనకూడదు."

ఇప్పుడు విచ్చే పూత అప్పటికి పండదు. పండటానికి నడివేసవి రావాలి. "పండకపోయినా నిండితే చాలు కదండీ?" అని అడిగాను.

"చాలు," అన్నారు.

మర్నాడే మొదటి బస్సెక్కి కామవరపుకోట వెళ్ళాను. అక్కడ మా పెద్దమ్మ కూతురు మెర్సీ అక్క తోట నాకంటే ఎంతో ముందు వేసింది. సంగతి విని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ మరిది మనసు బంగారమే. చేతికి మందు డబ్బా మాత్రం ఇవ్వకండే," అంది. బాగా విచ్చి, పురుగులు చీమల్లా తిరుగుతున్న మగగెలలు ఏరి ఏరి కోయించింది. వాటిని పాత చీరల్లో వదులుగా మూటలు కట్టాం. గాలి ఆడాలి, పురుగు బయటికి పోకూడదు.

పామాయిల్ మగపూలకు సోంపు వాసన వస్తుంది. తిరుగు ప్రయాణంలో బస్సంతా అదే వాసన.

"ఏంటమ్మా, కిళ్ళీకొట్టు పెడుతున్నారా?" అన్నాడు కండక్టరు.

"లేదండీ, పెళ్ళివారిని తీసుకెళ్తున్నాను," అన్నాను.

అతను మూటల వైపు, నా వైపు చూసి, టిక్కెట్లు కొట్టుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి మూటలు విప్పి ఆ మగగెలలను తోట నడుమ ఉన్న చెట్లకు వేలాడగట్టాను. అక్కడితో పని అయిపోలేదు. ఎండిన మగగెలలు తోటకు అసహ్యంగా ఉన్నాయని కూలివాళ్ళు నరికేయబోతే ఆపాను. పురుగు పిల్లలుండేది వాటిలోనే. పక్క చేలవాళ్ళు వరికి మందు కొట్టే రోజుల్లో గట్టు మీద నిలబడి, గాలి నా తోట వైపు ఉంటే ఆగమని బతిమాలాను. కొందరు ఆగారు. కొందరు పురుగుల్ని పెంచే ఆవిడ వచ్చిందని నవ్వుకుంటూ ఆగారు. ఎలాగైతేనేం, ఆగారు.

చెట్ల మీద నాకు అనుమానం లేదు. భయం మనుషుల మీదే. గడువు రోజుకు అత్తగారి మనసు ఎటు మొగ్గుతుందో ఎవరికి తెలుసు? ఆవిడకు ఇద్దరు కొడుకులు, నేను కోడలిని. ఒక ఉదయం అప్పుడే విచ్చిన ఆడగెల దగ్గర కదలకుండా నిలబడి చూశాను. చాలాసేపటికి ఒక పురుగు వచ్చి వాలింది. ఒంటి నిండా పుప్పొడి. దాని వెనక ఇంకొకటి. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పురుగుల్ని చూసి ఏడ్చిన ఆడది తాలూకాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

క్రిస్మస్‌కు ఆనంద్ పాల్ చేపలు పట్టుకుని వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని తోటంతా తిరిగాడు. "పెరిగాయాండీ అవి?" అని అడిగాడు. పెరిగాయన్నాను. గెలల వైపు చూశాడు గానీ చెరువు సంగతి మాత్రం మానలేదు. పొక్లెయిన్ మాట్లాడి ఉంచానన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. మట్టల ఆదివారం నాడు చర్చి ముగించుకుని మేమందరం తోటకు వెళ్ళేసరికి లారీ మీద పసుపుపచ్చ పొక్లెయిన్ దారి పక్కన నిలబడి ఉంది. అత్తగారి చేతిలో చర్చిలో ఇచ్చిన ఈతమట్ట ఇంకా ఉంది. ఆనంద్ పాల్ తెల్లచొక్కా మడత నలగలేదు. మా ఆయన ఒక్కసారి నా వైపు చూశారు. ఈసారి మంచినీళ్ళకు వెళ్ళలేదు.

"ఏ చెట్టు చూస్తారండీ?" అని అత్తగారిని అడిగాను. నేను చూపిస్తే ఏరి చూపించానంటారు.

ఆవిడ గట్టు చివర, అన్నిటికంటే దూరంగా ఉన్న చెట్టు చూపించారు. గెలలు కోసే పొడుగుపిడి ఉలి నేనే తీసుకున్నాను. కింది మట్ట కోసి, గెల కాడ మీద పోటు వేశాను. గెల నేల మీద పడింది. పచ్చి గెలను కోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. పడిన చప్పుడు మాత్రం బరువైన చప్పుడు. గొడ్డలితో రెండు ముక్కలు చేసి ఆవిడ ముందు పెట్టాను.

అత్తగారు ఈతమట్ట నా చేతికిచ్చి కింద కూర్చున్నారు. బయటి కాయలు వదిలేసి లోపలివి లాగారు. తాలు దొరికేది అక్కడే. ఒకటి నొక్కారు, ఇంకొకటి నొక్కారు. ఒకదాన్ని రాయి మీద పెట్టి చితక్కొట్టి గింజ చూశారు. నూనె ఇంకా దిగలేదు. గింజ గట్టిగా ఉంది. ముక్క తిప్పి మరో పక్క నుంచి మొదలుపెట్టారు. లారీ డ్రైవరు కూడా వచ్చి వెనక నిలబడి చూస్తున్నాడు.

ఆనంద్ పాల్ ఇక ఆగలేక తనూ కూర్చుని ఒక కాయ లాగబోయాడు. రాలేదు. అంత బిగువుగా ఉంది గెల. రెండు చేతులా పట్టుకుని లాగాడు.

అప్పుడే పక్క చెట్టు మగగెల నుంచి ఒక పురుగు లేచి వచ్చి అతని తెల్లచొక్కా చేతి మీద వాలింది. అతను చటుక్కున అరచెయ్యి ఎత్తాడు. నేను అరవబోయాను. నాకంటే ముందు అత్తగారు కొడుకు మణికట్టు పట్టుకున్నారు.

"చంపకురా," అన్నారు. "మెల్లగా లేచి, దాన్ని ఆ చెట్టు దాకా దింపి రా. వస్తూ వస్తూ ఆ లారీ అబ్బాయిని ఇంటికి వెళ్ళిపొమ్మను."

ఆనంద్ పాల్ లేచాడు. పురుగు ఎగిరిపోకుండా చెయ్యి ముందుకు చాపుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నా చెట్ల మధ్యకు నడిచాడు.