మిద్దె మీద యాంటెనా

కుప్పం దగ్గర మహిళా సంఘం వాళ్లు సొంతంగా ఒక చిన్న ఎఫ్‌ఎం రేడియో పెట్టుకోవడానికి రెండేళ్లు తిరిగి అనుమతి తెచ్చుకున్నారు. 2008 ఆగస్టులో యాభై వాట్ల ట్రాన్స్‌మిటర్ వచ్చింది. దాంతోపాటు రావలసిన యాంటెనా మాత్రం రాలేదు. ఇంకో నెల పడుతుందని కంపెనీ వాళ్లు ఫోన్లో చెప్పారు. తనిఖీ అధికారులేమో వచ్చే గురువారమే వస్తున్నారు.

"నేను కడతానక్కా" అంది జువేరియా.

ఆమెకు ఇరవై మూడేళ్లు. మదనపల్లెలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, నాలుగు నెలల కిందటే ఇక్కడ టెక్నీషియన్‌గా చేరింది. బయటినుంచి ఇంజనీరును పిలిపిద్దామని సంఘంలో కొందరు అన్నారు. రేడియో బాధ్యత చూసే యమున ఒప్పుకోలేదు. "మన పిల్ల ఉండాది కదా. అది చేస్తాది" అని అందరి ముందూ చెప్పింది.

జువేరియా లెక్క వేసుకుంది. ఒక అల్యూమినియం గొట్టాన్ని డెబ్బై తొమ్మిది సెంటీమీటర్లకు కోసి నిలువుగా నిలబెట్టింది. దాని అడుగున నాలుగు గొట్టాలను నాలుగు దిక్కులకూ చాపింది. మిద్దె మీద స్తంభానికి బిగించి, ప్లగ్గులతో సహా తయారుగా వచ్చిన కేబుల్‌ను గదిలోకి దించింది.

శుక్రవారం ఉదయం స్విచ్ వేసింది. ట్రాన్స్‌మిటర్ పక్కనున్న మీటరులో రెండు ముళ్లుంటాయి. ఒకటి పైకి పోయే శక్తిని చూపిస్తుంది, రెండోది యాంటెనా తీసుకోకుండా వెనక్కి తిప్పి పంపే శక్తిని చూపిస్తుంది. ఆ రెండోది లేవకూడదు. అది ఒక్కసారిగా ఆ చివరికి కొట్టుకుంది. ఆమె చెయ్యి స్విచ్ దాకా పోయేలోపే కాలిన వాసన వచ్చింది. లోపలి పెద్ద ట్రాన్సిస్టర్ పోయింది. పెట్టెలో దానికి బదులుగా ఇచ్చింది ఒక్కటే ఉంది.

పక్కగదిలోంచి యమున వచ్చింది. "ఏమాయె?"

"కరెంటు సరిగా లేదక్కా. స్టెబిలైజర్ కావాల" అంది జువేరియా. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. యమున తలూపి వెళ్లిపోయింది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. తిట్టి ఉంటే బాగుండేదని జువేరియాకు అనిపించింది.

ఆ సాయంత్రమంతా లెక్క మళ్లీ మళ్లీ వేసింది. ప్రతిసారీ అదే డెబ్బై తొమ్మిది వచ్చింది. తప్పెక్కడో తెలియకుండా రెండో ట్రాన్సిస్టర్‌ను పెట్టడానికి ధైర్యం చాలలేదు. శనివారం బస్సెక్కి పుంగనూరు పోయింది.

ఆమె తండ్రి అలావుద్దీన్ పుంగనూరు బజారులో ముప్పై ఏళ్లుగా రేడియోలు బాగుచేస్తున్నాడు. కూతురు గీసిన బొమ్మను కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. తనకు తెలిసింది మాటను పట్టుకునే పెట్టెల గురించేనని, పంపే వాటి గురించి చెప్పగలవాడు మదనపల్లెలో ఒకడున్నాడని ఆ భాషలోనే చెప్పాడు. మరునాడు తానే తోడు వెళ్లాడు.

వెంకటరమణప్ప పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైనవాడు. గుర్రంకొండ నుంచి బైరెడ్డిపల్లె దాకా ఎన్నో స్టేషన్లమీద యాంటెనాలు నిలబెట్టినవాడు. బొమ్మ చూసి, వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"కొలత సరిగ్గానే ఉండాది. ఈ నాలుగు గొట్టాలు నేరుగా సాపినావా, కిందికి వంచినావా?"

"నేరుగానే సార్."

"వంచాల. అయితే దానికే ట్రాన్సిస్టర్ కాలదమ్మా. ఇంకేందో ఉండాది. మొదలే ఫుల్ పవర్ పెట్టినావా?"

"పెట్టినా సార్."

"అది నీ తప్పు. మిగతాది సూసినాక చెప్తా."

"ఎప్పుడొస్తావప్పా?" అని అలావుద్దీన్ అడిగాడు.

"రేపే పోదాం. ఇంట్లో కూసోని ఏం జేస్తా?"

సోమవారం పది గంటలకు జువేరియా, వెంకటరమణప్ప కుప్పంలో దిగారు. యమున ఎదురొచ్చి నమస్కారం పెట్టింది. "కరెంటు సంగతి సూసేదానికి వచ్చినారా సార్?"

"కరెంటు యాలమ్మా? ట్రాన్సిస్టర్ కాలిందంట కదా" అన్నాడు వెంకటరమణప్ప.

యమున జువేరియా వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి పెద్దాయనకు వేసింది. తాను గోడకు ఆనుకుని నిలబడింది.

వెంకటరమణప్ప సంచిలోంచి నూనె నింపిన ఒక రేకు డబ్బా తీశాడు. అందులో ఆయన రెసిస్టర్లు కట్టి పెట్టుకున్నాడు. సరైన యాంటెనా ఎంత శక్తి తీసుకుంటుందో ఆ డబ్బా అంతా తీసుకుని వేడెక్కుతుంది, ఏమీ వెనక్కి పంపదు. కొత్త ట్రాన్సిస్టర్‌ను జువేరియానే బిగించింది. ఆయన పక్కనే కూర్చుని చూశాడుగానీ, పని తన చేతిలోకి తీసుకోలేదు.

"రెండు వాట్లే పెట్టు. డబ్బాను మిషన్‌కే తగిలించు."

స్విచ్ వేసింది. రెండో ముల్లు కదల్లేదు.

"మిషన్ బాగుండాది. ఇప్పుడు మిద్దెమీదికి పోయి, యాంటెనా తీసేసి, కేబుల్ ఆ కొసకు ఈ డబ్బా తగిలించి రా."

ఆమె ఎక్కి దిగింది. స్విచ్ వేయగానే రెండో ముల్లు లేచింది. శక్తి తక్కువ కాబట్టి దేనికీ ప్రమాదం లేదు. ఆయన చిన్నగా నవ్వాడు.

"ఇప్పుడు పైన నీ యాంటెనా ఉండాదా?"

"లేదు సార్."

"మరి నీ యాంటెనాది తప్పెట్లా అవుతాది?"

ఇక మిగిలింది కేబులే. దాని రెండు కొసల ప్లగ్గులనూ కోశారు. కింది దానిలో అంతా బాగానే ఉంది. మిద్దె మీది ప్లగ్గులో లోపలి తీగ అతికి ఉందిగానీ, దాని చుట్టూ అల్లిన రాగి వల పొట్టిగా తెగి, ప్లగ్గుకు తగలకుండానే ఆగిపోయింది. పైనున్న నల్ల తొడుగు కారణంగా బయటికి కనిపించలేదు. ఎవరో తయారుచేసేటప్పుడే అలా వదిలేశారు. జువేరియా ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. మూడు రోజులుగా గుండెల మీదున్న బరువు ఎవరో చేత్తో తీసేసినట్టయింది.

"ఏడవద్దు బిడ్డా. సోల్డరింగ్ పెట్టు, వేడెక్కనీ" అన్నాడు వెంకటరమణప్ప.

కొత్త ప్లగ్గులు అతికించి, యాంటెనా తగిలించి, మళ్లీ రెండు వాట్లు పెట్టారు. ముల్లు ఈసారి కొద్దిగానే లేచింది. ఆమె మిద్దెమీద నాలుగు గొట్టాలనూ కొంచెం కొంచెంగా కిందికి వంచి పక్కకు జరుగుతుంటే, కింద మీటరు దగ్గర కూర్చున్న ఆయన ఎంతుందో చెబుతున్నాడు. మెట్ల మీద నిలబడి ఆ మాటను పైకి అందించింది యమున.

"ఇంకా కొంచెం ఉండాదంట. ఇంకా వంచు. తగ్గతాండాది. ఇంకొంచెం." జువేరియా మరో రెండుసార్లు వంచింది. తర్వాత యమున గొంతు వినిపించింది. "సున్నాకి వచ్చిందంట జువేరియా. దిగి రా."

పవర్ మెల్లగా యాభైకి పెంచారు. ముల్లు అక్కడే పడి ఉంది. వెంకటరమణప్ప కాళ్లు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాడు. గదిలో ఇద్దరే మిగిలారు.

"అక్కా, నేను అబద్ధం చెప్పినా. నువ్వు అందరి ముందరా నా గురించి చెప్పినావు కదా. కాలిపాయెనని చెప్పేదానికి నోరు రాలేదు."

యమున నిట్టూర్చింది. "నిన్న ఆ స్టెబిలైజర్ కోసరం పలమనేరంతా తిరిగినా తెలుసా? ఎండలో అంగడి అంగడికీ పోయినా."

"తప్పయిందక్కా."

"కాలేది మిషన్లకు మామూలే. నాకు చెప్పింటే ఇద్దరం కలిసి బాధపడింటాం. ఇంకొకసారి ఏదన్నా కాలితే మొదట నాకే చెప్పాల." ఇంతలోనే ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి జువేరియాకు కూడా నవ్వొచ్చింది.

మధ్యాహ్నం యమున చిన్న రేడియో సంచిలో వేసుకుని బస్సెక్కి, గుడుపల్లె నుంచి ఫోన్ చేసింది. "ఈడ టీ అంగట్లో పెట్టించినా. నీ టెస్టింగ్ మాట పక్కనుండి మాట్లాడినట్టుండాది. టీ తాగేవాళ్లు ఎవరీ పాప అని అడగతాండారు."

గురువారం తనిఖీ గంటలోపే అయిపోయింది. అధికారి మీటరు చూసి, మిద్దెక్కి యాంటెనా చూసి, ఇది ఎక్కడ కొన్నారని అడిగాడు. మేమే కట్టుకున్నామని యమున చెప్పింది. ఆయన తలూపి సంతకం పెట్టాడు.

రెండు రోజులు ఇంటికి పోయి రమ్మని యమున పంపించింది. జువేరియా మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. శుక్రవారం నుంచి ఒక్క రాత్రి కూడా సరిగా నిద్రపోలేదు. బస్సు ఊరు దాటకముందే కళ్లు మూతపడ్డాయి. పుంగనూరులో కండక్టర్ వచ్చి లేపేదాకా మెలకువ రాలేదు.