మెత్తగా మూసుకునే తలుపులు

పంచదార డబ్బా కోసం వంటింట్లో పై అర తలుపు లాగాను. తలుపు తెరుచుకోలేదు, ఊడి వచ్చింది. దాని అంచు నేరుగా నా నుదుటి మీద పడింది. ఒక క్షణం ఏమీ తెలియలేదు. తర్వాత కనుబొమ్మ మీదుగా వెచ్చగా ఏదో జారింది. చప్పుడు విని ముందుగదిలోంచి మా ఆయన కేకేశారు, "ఏం పగిలింది?" అని. ఎవరికి తగిలింది అని కాదు, ఏం పగిలింది అని. నేను చేతిగుడ్డతో నుదురు అదిమి పట్టుకుని, "ఏం పగల్లేదండీ" అన్నాను. రక్తం కారుతున్న మనిషి గిన్నెల క్షేమసమాచారం చెబుతోంది. భోజనాల బల్ల దగ్గర కూర్చున్న మా అత్తగారు పేపర్లోంచి తలెత్తకుండానే, "మెల్లగా తియ్యాలమ్మాయ్, ప్రతిదానికీ ఆ దూకుడేంటి?" అన్నారు. ఆస్పత్రికి ఒక్కదాన్నే వెళ్ళి కుట్లు వేయించుకుని వచ్చాను. నేను వచ్చేసరికి ఆయన ఆ తలుపుని గోడకి ఆనించి పెట్టి, "కాస్త టీ పెడతావా?" అన్నారు. పెట్టాను.

మా ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో యంత్రభాగాల పాఠం చెబుతారు. ఏ కీలు మీద ఎంత బరువు పడుతుంది, ఏ స్ప్రింగు ఎన్నాళ్ళకి అలిసిపోతుంది, ఏ లోహం తడికి తుప్పు పడుతుంది, అన్నీ పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మనిషి. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో వంటింటి అరలకి తలుపుని పట్టి తిప్పే బందులు మాత్రం షాపులో అన్నిటికన్నా నాసివి తెచ్చారు. "వంటింట్లో ఎవరు చూడొచ్చారు? తలుపు మూసుకుంటే చాలు" అన్నారు. ఆయన చదువుకునే బల్ల సొరుగు మాత్రం చిటికెన వేలితో తోస్తే లోపలికి పోతుంది. నా వంటింట్లో మధ్య సొరుగు తెరవాలంటే మోకాలితో కింద నుంచి ఎత్తి, భుజం కాస్త వంచి లాగాలి. సింకు కింద తలుపు రబ్బరు బ్యాండుతో కట్టి ఉండేది. ఇన్నేళ్ళలో ఆ వంటింటి లోపాలన్నీ నా ఒంటికి అలవాట్లయిపోయాయి. పరాయి ఇంట్లో సొరుగు లాగినా నా మోకాలు దానంతటదే లేచేది.

నాకూ ఒక ఉద్యోగం ఉంది. మంచినీళ్ళ పరీక్షల ల్యాబులో పని. అక్కడ నా మాట మీద ఒక బావి మూసేస్తారు, ఒక పైపు తవ్వేస్తారు. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే, ఆ మాటలన్నీ వేరే ఎవరో అన్నట్టుండేది. వేరే ఊళ్ళో ల్యాబుకి ఇన్‌చార్జిగా వెళ్ళమని రెండుసార్లు అడిగారు. మొదటిసారి మా అమ్మాయి చదువు అడ్డొచ్చింది. రెండోసారికి అమ్మాయి హాస్టల్లో ఉంది, అయినా ఆయన, "మరి మా అమ్మకెవరు పెడతారు? నాకు స్టవ్ వెలిగించడం కూడా రాదు" అన్నారు. డిగ్రీ పట్టా పుచ్చుకున్న వాడిలా, ఎంత గర్వంగా అన్నారో! నేను కూడా నవ్వి ఊరుకున్నాను. అలా నవ్వినందుకు చాలా రోజులు నా మొహం నాకే నచ్చలేదు.

కుట్లు పడిన వారమే మా డైరెక్టరు మూడోసారి పిలిచారు. ఆవిడ నా నుదుటి మీద కట్టు చూసి, కుర్చీ చూపించారు. "ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి" అన్నారు.

"మాట్లాడుకునేదేం లేదు మేడమ్. వెళ్తాను" అన్నాను.

"ఇబ్బంది ఉండదు కదా?"

"మూడు నెలలు టైమివ్వండి. ఇంట్లోవాళ్ళకి ఏర్పాటు చేసి వస్తాను."

ఏర్పాటు అంటే ఆవిడ వంటమనిషి అనుకుని ఉంటారు. నా మనసులో ఉన్నది వేరు. బస్సులో ఇంటికొస్తూ కుట్లు సలుపుతుంటే ఒక్కటే అనుకున్నాను: ఆయనకి ఎవరూ వంక పెట్టలేని వంటిల్లు కట్టించి ఇస్తాను. సొరుగు రాలేదనీ, తలుపు పట్టేసిందనీ, ఏదెక్కడుందో కనబడలేదనీ, ఒక్క సాకు కూడా మిగలకూడదు. అరల్లోంచి సామాన్లు దించినట్టు ఆయన సాకులన్నీ ఒక్కొక్కటే తీసి బయట పెడతాను. ఆ ఆలోచనకి నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

"కొత్త అరలు చేయిద్దామండీ, నేను దాచుకున్న డబ్బుతో" అన్నాను. నా డబ్బనేసరికి వెంటనే ఒప్పుకున్నారు. హార్డ్‌వేర్ షాపుకి కూడా వచ్చారు. షాపాయన నన్ను దాటి ఆయనకే నమస్కారం పెట్టి, "కబ్జాలు ముందు చూద్దామా సార్?" అన్నాడు. బందుల్నే కొందరు అలా అంటారు. నాకు మాత్రం ఆ మాట వినగానే నవ్వొచ్చింది. స్థలాలకే జరుగుతుందనుకుంటారు గానీ, మనుషులకీ జరుగుతుంది కబ్జా. ఏ తలుపు ఎటు తెరుచుకోవాలి సార్ అని అడిగితే ఆయన, "నాకేం తెలుసు, వండేది ఆవిడ" అన్నారు. నేను బందు చేతిలోకి తీసుకుని, తడి తగిలేచోట స్టీలుదే ఉండాలంటుంటే, "నీకేం తెలుసు, షాపాయన్ని చెప్పనీ" అన్నారు. మా కాపురమంతా ఈ రెండు ముక్కల మీదే నడిచింది. పని దగ్గరికొస్తే నాకేం తెలుసు, మాట దగ్గరికొస్తే నీకేం తెలుసు. కాసేపటికి విసుగొచ్చి, క్లాసుందని వెళ్ళిపోయారు. అప్పుడు స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు ఆ షాపులోనే గడిపాను. బందులు చేత్తో తూచి చూశాను, రేకు పల్చనైతే పక్కన పెట్టేశాను. నీళ్ళ మధ్య బతికేదాన్ని, తుప్పు సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. సింకు దగ్గరికి స్టీలువే తీసుకున్నాను. సొరుగులకి ఛానెళ్ళు, అంటే సొరుగు జారే పట్టాలు, పూర్తిగా బయటికి వచ్చేవి ఎంచాను. సగం దాకా వచ్చేవైతే వెనక సామాను చీకట్లో ఉండిపోతుంది. "ఏమోయ్, ఇందులో ఏమీ కనిపించట్లేదు, నువ్వే వచ్చి తియ్యి" అని మా ఇంట్లో విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. నా చేతికి నప్పే సన్నని హ్యాండిళ్ళు షాపాయన చూపించాడు. వద్దని, మగవాడి గుప్పెట పట్టేంత వెడల్పువి తీసుకున్నాను. సొరుగు నిండా ఇటుకలు పేర్పించి లాగి చూశాను. షాపాయన నవ్వి, "ఏంటమ్మా, యుద్ధానికా?" అన్నాడు. "కాదండీ, కాపురానికే" అన్నాను.

చివరికి, ఎంత గట్టిగా తోసినా ఆఖర్న ఆగి మెత్తగా మూసుకునే తలుపులు చూపించాడు. "కొట్టి చూడండమ్మా, మొహమాటం వద్దు" అన్నాడు. నేను జీవితంలో ఎప్పుడూ తలుపు విసిరికొట్టలేదు. ఆ పని మా ఇంట్లో ఆయనది. ఆయనకి కోపమొస్తే నోరు మాట్లాడదు, తలుపులు మాట్లాడతాయి. ఆ చప్పుడు వింటే గుండెలో ఏదో గిలగిల్లాడుతుంది, తప్పు చేయకపోయినా తప్పేంటా అని వెతుక్కుంటాను. చెయ్యి వెనక్కి తీసి ఆ తలుపుని ఒక్కటి కొట్టాను. అది వచ్చి వచ్చి, చివరికి ఆగి, దూది మీద దూది పడ్డట్టు మూసుకుంది. "అన్ని తలుపులకీ ఇవే" అన్నాను.

కొలతలు తీయడానికి వడ్రంగి మేస్త్రీ ఇంటికొచ్చాడు. వంటగట్టు ఎత్తు కోసం, "అమ్మా, ఒకసారి మోచెయ్యి మడిచి నిలబడండి" అన్నాడు. నేను ముందుగదిలోకి వెళ్ళి, "ఏమండీ, ఒక్క నిమిషం వచ్చి నిలబడండి, కొలత కావాలట" అన్నాను. ఆయన పేపరు మడిచి వచ్చి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు. మా ఆయన ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం కిందికి వస్తాను. మేస్త్రీ టేపు పెట్టి చూసి, మళ్ళీ నన్ను చూసి, "అమ్మగారికి ఎత్తయిపోతుంది సార్, రోజూ భుజాలు లాగుతాయి" అన్నాడు.

ఇక్కడ ఆయన ఒక్క మాట అని ఉంటే, అయ్యో, ఆవిడ కొలత తీసుకో అని ఉంటే, ఏమయ్యేదో నాకే తెలీదు. బహుశా అన్నీ ఆపేసి ఉండేదాన్ని. అంత తక్కువకే కరిగిపోయే మనిషినే నేను.

"ఇంటి యజమాని కొలతే ఉండనీవయ్యా" అన్నారాయన. "ఆవిడ సర్దుకుంటుంది."

మా అత్తగారు బల్ల దగ్గర్నుంచి, "సర్దుకోక ఏం చేస్తుంది" అని అందుకున్నారు.

"రాసుకోండి మేస్త్రీ గారూ" అన్నాను. లోపల ఏదో గట్టిపడి, చల్లబడింది. పై అరలూ, మసాలా డబ్బాల గూడూ, కత్తుల సొరుగూ, అన్నీ ఆ మోచేతికే, ఆ చూపుకే, ఆ పొడుగుకే కొలిపించాను.

వంటిల్లు తయారయ్యాక అందరూ మెచ్చుకున్నారు. ఆయన మురిసిపోయి, కాలేజీవాళ్ళని టీకి పిలిచారు. ప్రిన్సిపల్ గారు కూడా వచ్చారు, పెద్దావిడ. ఆయన ఒక్కో సొరుగూ లాగి చూపిస్తూ, ఛానెల్ అంటే ఏమిటో, బరువు ఎలా పంచుకుంటుందో పాఠం చెప్పారు. "అన్నీ నేనే దగ్గరుండి చేయించాను. చివరికి కొలత కూడా నాదే" అన్నారు. నేను ముక్కాలిపీట ఎక్కి స్టవ్ మీంచి టీ గిన్నె దింపుతున్నాను. ప్రిన్సిపల్ గారు అది చూశారు.

"మీకు అందట్లేదేమిటమ్మా?" అన్నారు.

"నాకు అందనవసరం లేదండీ" అన్నాను కప్పులు అందిస్తూ. "సోమవారం నుంచి వంట ఈయనే చేస్తారు. నేను ల్యాబు ఇన్‌చార్జిగా వేరే ఊరు వెళ్తున్నాను. అందుకే ఈయన కొలతకి చేయించాం."

అందరూ ఒక్క క్షణం ఆయన మొహం చూశారు. తర్వాత ప్రిన్సిపల్ గారు చప్పట్లు కొట్టారు. "చెప్పనేలేదేం మాస్టారూ! మహిళా సభల్లో మీ ఉపన్యాసాలు విని, అన్నీ మాటలే అనుకున్నాను, క్షమించాలి" అన్నారు. ఒకాయన వచ్చి మా ఆయన భుజం తట్టాడు. ఇంకొకాయన, "మా ఇంట్లో చెప్పకండి బాబూ" అన్నాడు. ఆయన నవ్వారు. నవ్వక తప్పలేదు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, ఇన్నేళ్ళూ నా మొహానికే అతికించి ఉండేది. ఆ పూట దాన్ని ఆయన మొహం మీద చూస్తూ టీ తాగాను. అంత రుచిగా ఎప్పుడూ తాగలేదు.

వాళ్ళు వెళ్ళగానే మొదలైంది. "నలుగురిలో నా పరువు తీస్తావా?"

"తీయలేదండీ, పెంచాను. విన్నారుగా."

"మొగుడి చేత వంట చేయిస్తావటే?" అన్నారు అత్తగారు.

"నేను చేయించట్లేదు అత్తయ్యా. నేను ఇక్కడ ఉండనుగా."

"నాకు ఏదెక్కడుందో కూడా..." అంటూ ఆయన ఆగిపోయారు. నేను సొరుగులు ఒక్కొక్కటే లాగాను. ఒక్కటీ మొరాయించలేదు. బియ్యం, పప్పులు, గరిటెలు, అట్టడుగున ఉన్న జల్లెడ దాకా అన్నీ వెలుతుర్లోకి వచ్చి నిలబడ్డాయి. ఆయన వాటిని చూశారు, నన్ను చూశారు. మొహం కందిపోయింది. పక్కనున్న పెద్ద అర తలుపు పట్టుకుని, బలమంతా పెట్టి విసిరి కొట్టారు.

అది సగం దూరం వేగంగా వెళ్ళింది. తర్వాత ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగి, నిదానంగా, మర్యాదగా వెళ్ళి చప్పుడు లేకుండా మూసుకుంది. ఆయన నమ్మలేక మళ్ళీ తెరిచి మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంతే. ఇంత పొడుగు మనిషి ఆ తలుపు ముందు చెయ్యి అలా గాల్లో పెట్టుకుని నిలబడిపోయారు. నా గుండె ఎప్పటిలా గిలగిల్లాడుతుందేమోనని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. జాలి వేస్తుందేమోనని కూడా చూశాను. అదీ వెయ్యలేదు. బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళాను.

ఇక్కడికొచ్చాక ల్యాబు పనిలో పడిపోయాను. క్యాంటీన్‌లో తింటున్నాను, ఆదివారాలు ఆలస్యంగా లేస్తున్నాను. మొదటివారం ఆయన ఫోన్ చెయ్యలేదు. రెండోవారం చేసి అన్నం మాడిందన్నారు. "నీళ్ళు తక్కువయ్యాయి" అన్నాను. తర్వాత చాలా రోజులు మాట లేదు. వెనక అత్తగారి సణుగుడు, ఏదో వేగుతున్న చప్పుడు వినిపిస్తుండగా, నిన్న మళ్ళీ చేశారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నాకా అలసట కొత్తది కాదు, కాబట్టి తొందరపడి ఓదార్చలేదు.

"ఎప్పుడొస్తున్నావు?" అన్నారు.

"నెలాఖరు ఆదివారం వస్తానండీ, మధ్యాహ్నం భోజనానికి" అన్నాను. "కూరలో ఉప్పు కాస్త తగ్గించండి, నాకు పడదు."