అత్తయ్య గదిలో బొమ్మ

"ఈ ఆదివారం ఆ గది ఖాళీ చేసెయ్యి మంజూషా. మందుల వాసన హాల్లోకి కూడా వస్తోంది," అన్నాడు రఘురామ్, తాగిన కాఫీ గ్లాసు సింకులో పెడుతూ. అతని తల్లి రత్నమాల పోయి అప్పటికి పదిహేను రోజులు.

చేద్దాం అనలేదు, చెయ్యి అన్నాడు. మంజూష ఆ తేడాను గమనించింది. గమనించి చీపురు తీసుకుంది. పాతికేళ్ళ కాపురంలో ఆమెకు బాగా అలవాటైన పనులు ఇవి రెండూ.

అమీర్‌పేటలో ధరమ్ కరమ్ రోడ్డు వెనక సందులో, మూడో అంతస్తు ఫ్లాటులో అది చిన్న గది. కిటికీ తీస్తే ఎదురు మేడ మీద సాఫ్ట్‌వేర్ కోర్సుల ఫ్లెక్సీ తప్ప ఆకాశం కనబడదు. పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయాక రత్నమాల ఆరేళ్ళు ఆ ఫ్లెక్సీనే చూస్తూ పడుకుంది. ఆ ఆరేళ్ళూ మంజూష పొద్దున ఐదింటికి లేచేది. అత్తగారిని లేపి కూర్చోబెట్టి, తుడిచి, పక్కబట్టలు మార్చి, వీపుకి పౌడరు రాసి, ఇడ్లీ పాలల్లో నలిపి తినిపించి, తర్వాత ఇంట్లో వంట ముగించుకుని, తొమ్మిదింటికి ఆయా వజ్రమ్మ రాగానే పనికి పరిగెత్తేది. సాయంత్రం ఆరింటికి వజ్రమ్మ వెళ్ళిపోగానే మళ్ళీ మొదలు. రఘురామ్ ఆఫీసు నుంచి వచ్చాక గుమ్మంలో నిలబడి, "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగేవాడు. అప్పుడప్పుడూ లోపలికొచ్చి నుదుటి మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి చూసి బంధువులు, "ఈ రోజుల్లో ఇలాంటి కొడుకు ఎవరికుంటాడు!" అనేవారు. నిజమే, చెడ్డ కొడుకేం కాదు. ఆ చెయ్యి పడే చోట చెమట లేకుండా ఎవరు తుడిచారో అతనికి ఎప్పుడూ తట్టలేదు, అంతే.

మంజూష పని పంజాగుట్టలో, ఫ్లై ఓవర్ పక్క సందులోని డెంటల్ ల్యాబులో. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో పళ్ళు దిద్ది, కట్టుడు పళ్ళు తయారు చేస్తుంది. ఇరవై రెండేళ్ళ నుంచీ అదే పని. ఎవరి నోట్లోనో ఉన్న ఆ పళ్ళు తాను చేసినవని ఆ నోటికి తెలియదు. డాక్టరు చేశాడనే అనుకుంటుంది. రత్నమాలకు కోడలి ఉద్యోగమంటే చిన్నతనం. చుట్టాలు అడిగితే, "హాస్పిటల్లో చేస్తుంది," అని మాట మార్చేది. చారులో పులుపు ఎక్కువైందనీ, జీతం తెస్తున్నానని నోరు లేస్తోందనీ మొదటి పద్ధెనిమిదేళ్ళూ అంటూనే ఉంది. మధ్యలో ఆమె పళ్ళు ఊడిపోతే ఆ కట్టుడు పళ్ళూ మంజూషే చేసింది. చిగురు ఒరుసుకుంటోందంటే మూడుసార్లు దిద్దింది. మంచాన పడ్డ నాలుగో ఏట ఒక పొద్దున, తినిపిస్తుంటే రత్నమాల ఉన్నట్టుండి ఆగి, "నువ్వు కట్టిన పళ్ళతోనే నిన్ను తిట్టాను కదే," అంది. నోటికి కుడి పక్కే నవ్వొచ్చింది. అది క్షమాపణ కాదు. మంజూష అలా తీసుకోనూ లేదు. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. చెంచాలోని ఇడ్లీ చల్లారిపోయింది.

ఆమె పోయిన రోజు అందరూ రఘురామ్ చుట్టూ కూర్చున్నారు. విజయవాడ నుంచి వచ్చిన ఆడపడుచు రాగసుధ గుండెలు బాదుకుంటుంటే నలుగురు ఆడవాళ్ళు పట్టుకున్నారు. మంజూష వంటింట్లో ముప్పై మందికి టీ పెట్టింది. పంతులుగారు చెప్పిన సామాన్ల జాబితా రాసుకుంది. ఒక పెద్దావిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి వీపు నిమిరి, "పోన్లేమ్మా, నీకు విముక్తి దొరికింది," అంది. విముక్తి దొరికిన మనిషి ఏడిస్తే బాగుండదు కాబోలు అనుకుని మంజూష టీలో చక్కెర వేసింది. ల్యాబు యజమాని రాజనర్సయ్య ఫోనులో, "అయ్యో పాపం. రెండు రోజులు రాకు తియ్యమ్మా. అత్తనే గద, సాల్తయి," అన్నాడు. మూడో రోజు ఆమె ఎవరిదో దవడపన్నుకి గాడులు చెక్కుతూ కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

చెప్పిన ఆదివారం గది ఖాళీ చేసింది. గాలి పరుపు, మందులు, డైపర్ల పెట్టెలు పోయాయి. పాత సామాన్లవాడు రాలేదు కాబట్టి మొదట్లో నడిపించాలని కొన్న వాకర్, ఆ నడక చట్రం మాత్రం మూలన మిగిలింది. ఎక్స్‌రే ఫిల్ములూ, ఎవరూ అడగని రెండు నేత చీరలూ కూడా మిగిలాయి. ఆ గది ఏం చెయ్యాలో రఘురామ్ మళ్ళీ చెప్పలేదు. చెప్పడం వరకే అతని పని.

చిక్కల్లా ఐదు గంటలతో వచ్చింది. అలారం తీసేసినా మెలకువ వచ్చేది. మంజూష లేచి వెళ్ళి ఆ ఖాళీ గదిలో నిలబడేది. చేతులు వాటంతట అవే కొంచెం ముందుకొచ్చి ఆగిపోయేవి, పట్టుకోవడానికి ఏమీ లేక. నాలుగైదు రోజులు అలా నిలబడింది. ఆరో రోజు, ల్యాబులో గడువు దాటిందని పారేస్తుంటే తెచ్చిపెట్టుకున్న పసుపుపచ్చ ప్లాస్టర్ సంచీ విప్పి, బకెట్లో కలిపింది. ఎందుకు తెచ్చిందో, ఎందుకు కలిపిందో తెలియదు. చీర పేలికలు చింపి అందులో ముంచి నడక చట్రానికి చుట్టడం మొదలుపెట్టింది. ఆరున్నరకు చేతులు కడుక్కుని కుక్కరు పెట్టింది.

అలా రోజూ. ల్యాబులో అయితే ప్రతి పన్నుకీ కొలత ఉంటుంది, ప్రతి కొలతకీ ఒక డాక్టరు ఉంటాడు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. చట్రాన్ని వంచాలనిపిస్తే వంచింది. ఇనుప జాలీ చుట్టింది. మైత్రీవనం ముందు కోచింగ్ సెంటర్లవాళ్ళు చించి పడేసిన ఫ్లెక్సీ ముక్కలు, పాత కంప్యూటర్ల రంగు వైర్లు ఇంటికొస్తూ సంచిలో వేసుకొచ్చింది. ఎక్స్‌రే ఫిల్ములు కత్తిరించి పక్కటెముకల్లా ఒకదాని మీద ఒకటి అతికించింది. అతికించాక ఏదైనా తప్పనిపిస్తే, తప్పని తనకు తెలిసేలోపే చేతులు ఊడబీకేవి. మధ్యలో ఒక చోట ఖాళీ మిగులుతోందని మూడుసార్లు గుడ్డలు కూరి నింపింది. మూడుసార్లూ తెల్లారి తీసేసింది. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. అత్తయ్య అనుకుంటాను, అని మాత్రం లోపల అనుకునేది. బాధగా ఉందా అంటే అదీ తెలియదు. చేతులకు పని ఉంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వెచ్చగా అవుతుంది. ఆ వెచ్చదనం మీద అరచెయ్యి పెట్టి కాసేపు కూర్చునేది.

రఘురామ్ ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూశాడు. "కాలక్షేపానికి బానే ఉంది. ప్లాస్టర్ నీళ్ళు పైపుల్లోకి పోనీకు, అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు," అన్నాడు. ఫోనులో ఎవరితోనో, "మా ఆవిడ ఏదో క్రాఫ్ట్ చేస్తోంది," అన్నాడు. ఒకసారి మాత్రం నిజంగానే అడిగాడు. "మా అమ్మ పోతే నేనే తేరుకున్నాను. నీకేంటి ఇన్నాళ్ళు?" మంజూష సమాధానం కోసం వెతికింది. దొరికేలోపు అతను టీవీ పెట్టుకున్నాడు.

ఎనిమిదో నెలలో వజ్రమ్మ వచ్చింది. ఇప్పుడు బేగంపేటలో ఇంకో ముసలాయన దగ్గర చేస్తోంది. "గీ దారిల పోతుంటిని మేడం, జర చూసి పోదామని వచ్చిన," అంటూ జామకాయలు బల్ల మీద పెట్టి, అలవాటుగా చిన్న గదిలోకి నడిచింది. నడిచి ఆగిపోయింది. బొమ్మ అప్పటికి మంజూష భుజాల ఎత్తుకి వచ్చింది. తల ఉన్నట్టూ లేనట్టూ ఉంది. చేతులు రెండూ ముందుకు చాచి ఉన్నాయి.

"గిదేంది మేడం?"

"తెలీదు వజ్రమ్మా. అత్తయ్య అనుకుంటున్నా."

వజ్రమ్మ దాని చుట్టూ తిరిగింది. చెంగుతో చెయ్యి తుడుచుకుని, వంగిన వీపు మీద మెల్లగా తట్టింది.

"పెద్దమ్మ గాదు మేడం. పెద్దమ్మ గిట్ల ఎన్నడన్న ఒంగిందా? గిది మీరే. పెద్దమ్మను లేపెటప్పుడు గిట్లనే ఒంగుతుంటిరి. ఒక కాలు ముందలికేసి, మెడ పక్కకు పెట్టి. చెయ్యి నడుం కిందికెళ్ళి ఇట్ల పోతుండె." తనూ ఒంగి చూపించింది. "నేను సుత గిట్లనే ఒంగుత. మనం ఎట్ల ఒంగుతమో మనకు కానరాదు గద."

ఆమె వెళ్ళాక మంజూష బొమ్మ ముందు నేల మీద కూర్చుంది. వజ్రమ్మ చెప్పింది నిజం. చాచిన చేతులకీ ఛాతీకీ నడుమ, ఎన్నిసార్లు నింపినా నిలవని ఆ ఖాళీ ఉంది. సరిగ్గా రత్నమాల అంత ఖాళీ. తను ఆవిడ కోసం ఏడవాలని చూస్తోంది. కానీ ఆరేళ్ళూ వంగి ఉన్న మనిషిని ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. తను కూడా. అప్పుడూ కన్నీళ్ళు రాలేదు. నడుము నొప్పి వచ్చింది. ఎప్పట్నుంచో ఉన్నదే, ఆ రోజే మొదటిసారి వచ్చినట్టు వచ్చింది. ఆమె పని ఆపి, మర్నాడు ల్యాబుకి సెలవు పెట్టి పడుకుంది.

సంవత్సరీకానికి రాగసుధ ముందురోజే వచ్చింది. చిన్న గది తలుపు తీసి చూసి, "అమ్మ చీర చింపేశావా వదినా?" అంది. 

"ఏడాది నుంచీ అక్కడే ఉంది సుధా. ఎవరూ అడగలేదు."

"అడక్కపోతే చింపేస్తావా?" అని కాసేపు చీర రంగు పోయిన చోట వేలితో తడిమింది. తర్వాత బయటికొచ్చి అన్నయ్యతో గుసగుసలాడింది.

సంగతేమిటో మర్నాడు బ్రాహ్మల భోజనాలు అయ్యాక బయటపడింది. మంజూష విస్తళ్ళెత్తి, నేల తుడిచి, చివరగా తను తిని లేచింది. రఘురామ్ గొంతు సవరించుకున్నాడు.

"స్వరాజ్యం పిన్ని తెనాల్లో పడిపోయింది, తెలుసు కదా. తుంటికి ఆపరేషన్ అయింది. ఇక లేవడం కష్టమంటున్నారు. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. చిన్నప్పుడు మమ్మల్ని ఎత్తుకుని పెంచిన మనిషి. అలా వదిలేస్తామా?"

"వదిలెయ్యకూడదు," అంది మంజూష.

అతని ముఖం తేటపడింది. "అదే నేనూ సుధతో అన్నాను. గది ఎలాగూ ఖాళీగానే ఉంది. ఆ బొమ్మ ఒక్కటీ పైన టెర్రస్ మీద పెట్టిస్తే సరిపోతుంది. నీకు అలవాటే కదా."

"వదిన చేసినట్టు ఎవరూ చెయ్యలేరన్నయ్యా, నేనెప్పుడూ అంటూనే ఉంటాను," అంది రాగసుధ. మనస్ఫూర్తిగానే అంది.

నీకు అలవాటే కదా. మంజూష ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. ల్యాబులో అచ్చు చేతికొచ్చినప్పుడు ఎక్కడ చెక్కాలో ఎలా తెలుస్తుందో అలాగే, ఇక్కడ ఏం చెప్పాలో తెలిసింది.

"పిన్నిగారిని తీసుకురండి. మన పడకగది ఆవిడకిద్దాం, గాలీ వెలుతురూ ఉంటాయి. మనం హాల్లో పడుకుందాం. ఆ చిన్న గది నాది. బొమ్మ అక్కడే ఉంటుంది. స్నానానికీ తుడవడానికీ పొద్దునా సాయంత్రం ఒక ఆయాని పెడదాం. ఐదింటికి లేచి కూర్చోబెట్టడం, పక్కకి తిప్పడం, తినిపించడం మీరు చెయ్యాలి."

"నేనా?"

"మిమ్మల్ని ఎత్తుకుని పెంచిన మనిషి కదండీ."

"అన్నయ్యకి నడుము నొప్పి వదినా," అంది రాగసుధ.

"నాకూ ఉంది."

 కింద సందులో హారన్లు మోగుతున్నాయి. రఘురామ్ మాట కోసం చెల్లెలి వైపు చూశాడు. రాగసుధ తన చేతులకేసి చూసుకుంటోంది.

"నాకు రాదు మంజూషా ఆ పని," అన్నాడు చివరికి. ఈసారి గొంతులో అధికారం లేదు. నిజంగానే రాదని చెబుతున్నాడు.

"నేర్పుతాను. నాకైతే ఎవరూ నేర్పలేదు."

మంజూష వెళ్ళి దివాన్ మీద వెల్లకిలా పడుకుంది. ఎడమ చెయ్యి పక్కన వాల్చింది. "అత్తయ్యకిలాగే నాకూ ఈ చెయ్యి, ఈ కాలు లేవనుకోండి. నన్ను లేపి కూర్చోబెట్టండి."

అతను నవ్వబోయి ఆగాడు. దగ్గరికొచ్చి కుడి చెయ్యి పట్టుకుని లాగాడు.

"చెయ్యి పట్టి లాగకూడదు, భుజం జారుతుంది. వీపు కిందికి పోనివ్వండి. రెండో చెయ్యి మోకాళ్ళ కింద. మీ నడుము వంచకండి, మోకాళ్ళు వంచండి. ఒక కాలు ముందుకి."

రఘురామ్ వంగాడు. పాతికేళ్ళలో అతని ముఖం ఆమెకు ఇంత దగ్గరగా, ఇంత శ్రమపడుతూ ఎప్పుడూ కనబడలేదు. మెడ నరం ఉబ్బింది. ఆమె వీపు దిండు మీద నుంచి జానెడు లేచింది, మళ్ళీ వాలింది. అతను రొప్పుతూ, "రావట్లేదు. నువ్వు కొంచెం సాయం చెయ్యి," అన్నాడు.

"ఆవిడ చెయ్యలేరు కదండీ," అంది మంజూష. కళ్ళు మూసుకుని, ఒంట్లో ఇంకా ఎక్కడో బిగబట్టి ఉన్న మిగతా బరువు కూడా అతని చేతుల్లోకి వదిలేసింది.